పరుగు తగ్గకముందే

(ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము చదువుకొనుడి)

అమెరికావారి బేస్‌బాల్ ఆట మన ఉదయగిరి, ఆత్మకూరు పల్లెలలో తెలియనిది. క్రికెట్టు మన పిల్లలకు తెలియును గనుక దానితో పోల్చి చెప్పుదుము. ఎండిన చెరువులో ఆడునప్పుడు తుమ్మచెట్ల దగ్గర దూరముగా ఒకనిని నిలువబెట్టుదురు గదా. బేస్‌బాల్‌లో అట్లు దూరమున నిలుచువారు ముగ్గురు. చాలసేపు వారికి పనియుండదు. బంతి లేచినప్పుడు మాత్రము ప్రాణము పెట్టి పరుగెత్తవలెను.

బిల్లీ సండే అట్టి ఆటగాడు. ఆయన 1862లో అయోవా రాష్ట్రములో పుట్టెను. ఐదు వారములకే తండ్రి సైనిక శిబిరములో జబ్బుచేసి చనిపోయెను. పిల్లలను పోషించలేక తల్లి ఇతనిని, అన్నను సైనికుల అనాథ గృహమునకు పంపెను. మనలో హాస్టళ్లలో పెరిగినవారికి ఆ ఎడబాటు ఎట్టిదో మేము చెప్పనక్కరలేదు.

1883లో చికాగో జట్టు ఆయనను జీతమునకు పెట్టుకొనెను. మొదటి ఆటలో నాలుగుసార్లు బ్యాటు పట్టి నాలుగుసార్లును బంతిని కొట్టలేక వెనుదిరిగెను. నిజము చెప్పవలెనంటే ఆయన గొప్ప బ్యాటుగాడు ఎన్నడును కాలేదు. ఆయనకున్నది కాళ్ల వేగము. 1890లో 84 సార్లు ప్రత్యర్థుల కన్నుగప్పి ఒక స్థానమునుండి మరియొక స్థానమునకు పరుగెత్తెను. ఆ ఆటవారు దీనిని దొంగిలించుట అందురు. సంఘములో చెప్పుకొనుటకు అంత బాగుండని మాట!

ఆ మధ్యకాలములో ఒక ఆదివారము తోటి ఆటగాండ్రతో త్రాగి చికాగో వీధి ప్రక్కన కూర్చుండగా, పసిఫిక్ గార్డెన్ మిషనువారు పాడుచున్న కీర్తనలు వినబడెను. అవి తన తల్లి పాడినవే. వారి కూటములకు వెళ్లెను, కొన్నాళ్లు పెనుగులాడి ప్రభువును అంగీకరించెను. త్రాగుడు, జూదము మానెను. ఆట మాత్రము మానలేదు, మానవలసిన అవసరము కూడ మాకు కనబడదు.

1891లో అసలు పరీక్ష వచ్చెను. అప్పటికాయనకు 28 ఏండ్లు. ఇంట భార్య, చంటిబిడ్డ. ఆ యేటి ఆటకు 3,500 డాలర్లు ఇచ్చెదమని పిలుపు వచ్చెను. చికాగో వై.ఎం.సి.ఎ. ఇవ్వగలిగినది నెలకు 83 డాలర్లు, అనగా ఏడాదికి వేయి కూడ నిండదు. ఆయన ఆ 83 డాలర్ల పనిలో చేరెను.

ఆయన మోకాళ్లు అరిగిన తరువాత వచ్చినవాడు కాడని గమనించుడి. అడుగువారు ఉన్నప్పుడే, పరుగు తగ్గకముందే వచ్చెను. పెన్షను వచ్చిన తరువాత, పిల్లల పెండ్లిండ్లయిన తరువాత దేవుని పని చూచుకొందుమనువారు మన సంఘములలో ఎందరో కలరు. కల్లములో తూర్పారబట్టినప్పుడు గింజలు ఇంటికి చేర్చుకొని తాలు తీసికొనిపోయి ప్రభువు ఎదుట పోయుట ఎట్లుండును? అయితే, బిడ్డల ఫీజులు కట్టవలసినవాడు జీతము విడుచుట సుళువని మేము అనము. ఆ యింటి ఇల్లాలికి ఆ లెక్క మనకంటె బాగుగా తెలిసియుండును.

చేరిన తరువాత ఆయనకు దొరికినది పెద్ద వేదిక కాదు. రోగులను చూచుట, ప్రాణము తీసికొనదలచినవారితో కూర్చుండుట, సారాయి దుకాణములకు వెళ్లి త్రాగువారిని కూటమునకు పిలుచుట, ఇవే మూడేండ్లపాటు ఆయన పని. వేలాదిమంది గుమిగూడిన సభలు, వాటితోపాటు డబ్బును, దానినిబట్టి వచ్చిన విమర్శలును తరువాతి సంగతి. 1917లో న్యూయార్కు సభల కానుక 1,20,000 డాలర్లు దాటగా, దానిని యుద్ధకాలపు సహాయ నిధులకు ఇచ్చివేసెను. 1935 నవంబరులో చికాగోలో ప్రభువునందు నిద్రించెను.