పడినవాడిని పట్టుకునే తాడు



ఇటలీ దేశం పటంలో బూటు ఆకారంలో కనిపిస్తుందని బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ బూటు మొనకూ సిసిలీ ద్వీపానికీ మధ్య ఉన్న ఇరుకైన సముద్రపాయను మెస్సీనా జలసంధి అంటారు. పునీత పౌలుగారు ఖైదీగా రోము నగరానికి వెళుతూ, ఓడ బద్దలై, మాల్టా ద్వీపంలో చలికాలం గడిపి, సిరకూసు మీదుగా రేగియు రేవు చేరినది ఈ దారినే. అపోస్తలుల కార్యములు 28వ అధ్యాయం తీసి చదువుకోండి. 2024 జూలై 10వ తేదీన ఆ జలసంధిని యాన్ రూస్ అనే ఎస్తోనియా దేశపు యువకుడు కాలినడకన దాటాడు. అక్కడ వంతెన లేదు. ఒక ఒడ్డు నుండి మరో ఒడ్డుకు, సముద్రానికి చాలా ఎత్తున, 3,646 మీటర్ల పొడవున ఒక పట్టీని లాగి కట్టారు. దాని వెడల్పు 1.9 సెంటీమీటర్లు. అంటే మన బొటనవేలు వెడల్పు.

దాదాపు మూడు గంటలు నడిచాడు. ఇక 80 మీటర్లు కూడా లేవనగా కాలు తప్పి పడిపోయాడు. నీళ్ళలో పడలేదు. నడుముకు కట్టుకున్న తాడు పట్టుకుంది. గాలిలో వేలాడి, మళ్ళీ పట్టీ మీదికి ఎక్కి, నిలబడి, మిగిలిన దూరం నడిచి సిసిలీ చేరాడు. పడకుండా దాటితేనే ప్రపంచ రికార్డు. కాబట్టి ఆ రికార్డు ఆయనకు దక్కలేదు. కాని జలసంధి దాటాడు.

ఈ వార్త చదివిన నాటి నుండి ఆ చివరి 80 మీటర్ల గురించే నేను ధ్యానిస్తూ ఉన్నాను. మీతో కూడా పంచుకోవాలనిపించింది.

ముందుగా ఈ ఆట సంగతి చెప్పాలి. మన ఊళ్ళలో దొమ్మరి కుటుంబాలవారు డప్పు కొట్టుకుంటూ వచ్చి, రెండు వైపులా గడలు పాతి, బిగుతుగా తాడు లాగి, చేతిలో పొడవాటి గడ పట్టుకుని నడవడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు. తలమీద చెంబులు పెట్టుకుని నడిచే ఆ ఆడపిల్లను చూసి మనం చప్పట్లు కొట్టి, పావలా అర్ధా వేసి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం. ఆ పిల్లకు అది ఆట కాదు, ఆ పూట అన్నం. ఇప్పుడు నేను చెప్పే స్లాక్‌లైన్ అనేది వేరు. ఇందులో వాడేది గుండ్రటి తాడు కాదు. మన నవారు మంచానికి అల్లే నవారు వంటి బల్లపరుపు నైలాను పట్టీ. అది సాగుతుంది, ఊగుతుంది, కాలు పెట్టగానే పక్కకు జారిపోతుంది. చేతిలో గడ ఉండదు. రెండు చేతులూ చాచి, ఎదురుగా ఉన్న చివరి కొస మీదనే చూపు నిలిపి నడవాలి. తల వంచి పాదాలవైపు చూస్తే తూలిపోవడం ఖాయమని నేర్చుకున్నవారు చెబుతారు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన యోసెమిటీ లోయ ఉంది. కొండలెక్కే యువకులు అక్కడ గుడారాలు వేసుకుని నెలల తరబడి ఉండేవారు. వాన పడి కొండ ఎక్కడం కుదరని రోజుల్లో వాహనాలు నిలిపే స్థలాల్లో గొలుసుల మీదా తాళ్ళ మీదా నడుస్తూ పొద్దుపుచ్చేవారు. 1970ల చివర ఆడమ్ గ్రోసౌస్కీ, జెఫ్ ఎల్లింగ్టన్ అనే ఇద్దరు స్నేహితులు కొండలెక్కే పట్టీనే చెట్ల మధ్య కట్టి నడవడం మొదలుపెట్టారు. అక్కడి నుండి ఆట పైకి ఎక్కింది. ఆ లోయలోనే లాస్ట్ ఆరో అనే కొండకొమ్ము ఉంది. దానికీ పక్కనున్న కొండ అంచుకూ మధ్య దూరం దాదాపు 55 అడుగులే, కాని కిందికి చూస్తే దాదాపు 2,900 అడుగుల లోతు. స్కాట్ బాల్కమ్ అనే యువకుడు 1984లో అక్కడ పట్టీ కట్టి నడవబోయి దాటలేకపోయాడు. ఏడాదిపాటు సాధన చేసి, 1985 జూలై 13న మళ్ళీ వచ్చి దాటాడు. ఇలా ఎత్తున కట్టి నడవడాన్ని హైలైన్ అంటారు.

నడిచేవాడు ఒక్కడే కనిపిస్తాడు గాని, ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. బండకు కొక్కేలు బిగించేవారు ఒకరు, అటు కొసన ఉండి పట్టీ అందుకునేవారు ఒకరు, కప్పీలతో లాగి బిగించేవారు మరికొందరు. అసలు పట్టీ కింద వదులుగా మరో పట్టీ ఉంటుంది. మొదటిది తెగితే రెండవది ఆదుకోవాలి. నడిచేవాడి నడుము పట్టీకి ఒక తాడు ముడివేసి, దాని రెండవ కొసను లైను మీద జారే ఇనుప కడియాలకు కడతారు. దాన్ని లీష్ అంటారు. మన తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుని నడుముకు మోకు ఎలాగో, ఇది అలాగ. తన ముడి తానే వేసుకున్నా సరే, బయలుదేరేముందు స్నేహితుడు దగ్గరికి వచ్చి దాన్ని చేతితో పట్టుకుని చూస్తాడు. ఎంత అనుభవం ఉన్నవాడైనా “నాకు తెలుసులే” అనడు. మన విచారణల్లో పెద్దమనుషులకు ఈ ఒక్క అలవాటు వస్తే ఎంత బాగుండును!

తాడు లేకుండా నడిచి చూపించేవారు కూడా ఉన్నారు. వారి ధైర్యాన్ని లోకం మెచ్చుకుంటుంది. నేను మెచ్చుకోలేను. ఐదవ ఆజ్ఞ పరుల ప్రాణానికే గాక మన ప్రాణానికి కూడా వర్తిస్తుంది. ప్రభువును దేవాలయ శిఖరాన నిలబెట్టి, దూకు, దేవదూతలు పట్టుకుంటారులే అన్నది ఎవరో మీకు తెలుసు. “దేవుడున్నాడులే” అని ముడి వేసుకోకపోవడం విశ్వాసం కాదు, దేవుణ్ణి శోధించడం. అంతమాత్రాన ఎత్తులంటే తిరుసభకు గిట్టదని అనుకోవద్దు. పదకొండవ పయస్ పాపుగారు గురువుగా ఉన్న రోజుల్లో ఆల్ప్స్ శిఖరాలెక్కినవారు. 1923లో పునీత బెర్నార్డుగారిని కొండలెక్కేవారికి పాలక పునీతునిగా ప్రకటించింది వారే. స్నేహితులను వెంటబెట్టుకుని కొండలెక్కుతూ, వారితో కలిసి ప్రార్థిస్తూ, తూరిను నగరంలోని పేదలకు తన జేబు ఖాళీ చేసిన పియెర్ జార్జియో ఫ్రస్సాతి 2025 సెప్టెంబరు 7న పునీతుల వరుసలో చేరాడు. 24 ఏళ్ళకే ప్రభువు పిలుపు అందుకున్న యువకుడతడు.

ఇప్పుడు మెస్సీనా దగ్గరికి తిరిగి వద్దాం. యాన్ రూస్ నడుముకు ఉన్న తాడు అతన్ని పడకుండా ఆపలేదు. ఆపడం దాని పని కాదు. పడిన తరువాత పట్టుకోవడం దాని పని. రెండవ సంగతి, పడేటప్పుడు కట్టుకుందామంటే కుదరదు. మొదటి అడుగు వేయకముందే, కాలు నేలమీద ఉన్నప్పుడే ముడి పడి ఉండాలి.

పేతురుగారిని తలచుకోండి. మత్తయి సువార్త 14వ అధ్యాయం. పడవలోనుండి దిగి నీటిమీద నడిచాడు. ప్రభువును చూస్తున్నంతసేపు నడిచాడు. గాలిని చూశాడు, భయపడ్డాడు, మునిగిపోతూ కేక వేశాడు. ప్రభువు ఏమి చేశారు? వెంటనే చేయి చాచి పట్టుకున్నారు. ఆ తరువాతనే, అల్పవిశ్వాసీ ఎందుకు సందేహించావు అని మందలించారు. ఈ వరుసను గమనించమని ప్రత్యేకంగా తల్లిదండ్రులను కోరుతున్నాను. చేయి ముందు, మందలింపు తరువాత. మందలించవద్దని నేను అనను. ప్రభువే మందలించారు. కాని ముక్కుదాకా నీళ్ళు వచ్చినవాడికి ఉపదేశం చెబుతూ నిలబడలేదు.

మన ఇళ్ళలో ఈ వరుస తారుమారవుతోంది. ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చే రోజున మన వీధుల్లో ఏమి జరుగుతుందో చూడండి. పిల్లవాడు నోరు తెరవకముందే పక్కింటి పిల్లకు ఎన్ని మార్కులో చెబుతాం. కట్టిన ఫీజు లెక్క చెబుతాం. అమ్మిన అర ఎకరం గుర్తుచేస్తాం. బంధువులకు ముఖం ఎలా చూపించాలంటాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. వారి దుఃఖం ముందు మనం తలవంచి నిలబడవలసిందే. ఆ పిల్లల ఆత్మలను దేవుని కరుణకు అప్పగించి తిరుసభ ప్రార్థిస్తుంది. మన ఇంట్లో ఉన్న పిల్లల కోసమే రాస్తున్నాను.

ఒక తండ్రి నాతో, “ఫలితాల రోజున నేనేమీ అనలేదు ఫాదర్, మౌనంగా ఉన్నాను” అన్నాడు. మంచిదే. కాని మౌనం తాడు కాదు. ఆ పిల్లవాడు ఆ మౌనంలో ఏమి విన్నాడో మనకు తెలియదు. పరీక్షలకు ముందే, అసలు కాలేజీలో చేర్చిన నాడే, “నువ్వు చదవాలి, కష్టపడాలి, కాని ఎన్ని మార్కులు వచ్చినా నువ్వు నా కొడుకువే, తప్పితే ముందుగా నా దగ్గరికే రా” అని నోరు విప్పి చెప్పారా? మన మగవాళ్ళకు ఇలాంటి మాటలు నోట రావు. సిగ్గు. రాత్రి జపమాల చెప్పుకున్నాక అందరూ ఒకచోటే కూర్చుని ఉంటారు గదా, అప్పుడు చెప్పండి. ఇది చదువుకే కాదు. అప్పు చేసి దాచిన కొడుకుకు, అత్తవారింట కష్టపడుతూ “అమ్మా నాన్నా బాధపడతారు” అని ఫోనులో నవ్వుతూ మాట్లాడే కూతురుకు కూడా ఈ మాట ముందే చేరి ఉండాలి.

యువతీ యువకులారా, మీకూ ఒక మాట. తాడుకు రెండు కొసలుంటాయి. మీ కొస మీరే కట్టుకోవాలి. ఇంట్లో చెప్పలేకపోతే మీ విచారణ గురువులకు చెప్పండి, మఠకన్యలకు చెప్పండి, మీరు నమ్మిన ఉపాధ్యాయునికి చెప్పండి. ఎవరూ లేరనిపించిన రాత్రి 14416 నంబరుకు ఫోను చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, పగలూ రాత్రీ పలుకుతారు, మన భాషలోనే మాట్లాడవచ్చు. ఇక స్నేహితుడు రెండు రోజులుగా ముభావంగా ఉంటే, దగ్గరికి వెళ్ళి అడగండి. హైలైన్ మీద స్నేహితుడు ముడిని కళ్ళతో చూసి ఊరుకోడు, చేతితో పట్టుకుని చూస్తాడని చెప్పాను గదా.

పాపసంకీర్తనం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏళ్ళ తరబడి రానివారు ఉన్నారు. అడిగితే, “మళ్ళీ మళ్ళీ అదే పాపం ఫాదర్, ఏ ముఖం పెట్టుకుని రాను?” అంటారు. హైలైన్ మీద కూర్చున్నచోటి నుండి లేచి నిలబడటం నేర్చుకోవడానికే ఎన్నిసార్లు పడతారో లెక్క ఉండదు. పడినవాడు కింద వేలాడుతూ, ఆ తాడునే పట్టుకుని చేతులతో పైకి పాకి, పట్టీ మీద కాలు వేసి, కూర్చుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ లేవాలి. నడవడం కంటే ఇదే కష్టం. వేలాడుతున్నవాడు సిగ్గుతో తాడు విప్పుకోవడం మాత్రం ఎక్కడా జరగదు. సిగ్గుపడి దివ్యసంస్కారాలను వదిలేసేవాడు చేస్తున్నది అదే. దేవుని వరప్రసాదం పట్టుకునే ఉంది. లేవడానికి మన సమ్మతి అడుగుతోంది, అంతే. పాపసంకీర్తనపు పీటలో కూర్చున్న గురువు మీ పడిపాటు విని ఆశ్చర్యపోడు. ఆయన కూడా మరో గురువు దగ్గర మోకరించేవాడే.

ఇంతకూ, తాడుమీద నడిచిన పునీతుడు ఒకరున్నారని మీకు తెలుసా? మన తెలుగునాట ఎన్నో చోట్ల ఆయన పేరిట బడులున్నాయి. పునీత డాన్ బోస్కోగారే. ఉత్తర ఇటలీలోని బెక్కి అనే పల్లెలో, పదేళ్ళ వయసులో, ఆదివారం సాయంత్రం ఒక బేరిచెట్టుకూ పక్కచెట్టుకూ తాడు కట్టేవాడు. ఊరివాళ్ళు మూగేవారు. ముందుగా జపమాల, ఒక పాట, ఆ ఉదయం గుడిలో విన్న ప్రసంగం తిరిగి చెప్పడం. ఆ తరువాతనే ఆట. ప్రార్థనకు నిలబడనివారికి, బూతులు మాట్లాడేవారికి చోటు లేదు. సంతల్లో గారడీవాళ్ళను కన్నార్పకుండా చూసి, ఇంటికొచ్చి సాధన చేస్తూ ఎన్ని దెబ్బలు తిన్నాడో తానే రాసుకున్నాడు. అమ్మ ఊరుకునేదా అని అడుగుతారేమో. రెండేళ్ళు నిండకముందే తండ్రి పోయిన పిల్లవాడు. తల్లి మార్గరీతమ్మ పొలం పని చేసుకునే పేద విధవరాలు. అయినా ఆమెకు అన్నీ తెలుసు. ఆమెకు చెప్పకుండా ఒక్క అడుగు వేసేవాడు కాదట. ఆమె అన్నీ గమనిస్తూనే ఆడనిచ్చేది.

ఆ చెప్పుకునే అలవాటు అతనికి ఎలా అబ్బిందో తెలిపే ముచ్చట ఒకటి ఆయన జీవిత చరిత్రలో ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు, తల్లి సంతకు వెళ్ళిన రోజున, పైన ఉన్నదేదో అందుకోబోయి నూనె కుండ పగలగొట్టాడు. నూనె నేలపాలయింది. ఎత్తబోయాడు, తుడవబోయాడు, కుదరలేదు. అప్పుడు కంచె దగ్గరికి వెళ్ళి ఒక బెత్తం విరుచుకుని, బెరడు తీసి, చాకుతో దానిమీద ముచ్చటగా బొమ్మలు చెక్కాడు. అమ్మ వచ్చే వేళకు దారిలోకి ఎదురువెళ్ళి, నూనె సంగతి చెప్పి, ఆ బెత్తం ఆమె చేతిలో పెట్టాడు. మార్గరీతమ్మ బెత్తాన్ని చూసింది, కొడుకు ముఖం చూసింది, నవ్వేసింది.