చేతికి పని, పంటికి పని

వరంగల్ కొత్తవాడలో ఒక తాత ఉండేవాడు. పదేళ్లప్పుడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, అరవై ఏళ్లు జంపఖానాలు నేశాడు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలిసినప్పుడు తన మగ్గానికి పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాడు. తర్వాత కంటి ఆపరేషన్ అయింది. "నేసింది చాలు నాయినా, ఇగ కూసో" అన్నాడు కొడుకు. మగ్గం మీద దుప్పటి కప్పారు. తాత మంచం మీద కూర్చున్నాడు.

ఆ ఇంటికి మనవరాలు ఒక తెల్ల కుందేలును తెచ్చుకుంది. ఏకిన పత్తిలా ఉందని దానికి దూది అని పేరు పెట్టింది.

నడింట్లో షాబాద్ బండల మీద ఎర్ర, నీలి పట్టీల జంపఖానా ఒకటి పరిచి ఉండేది. తాత మగ్గం దిగేముందు చివరగా నేసింది అదే. దూది వచ్చిన మూడో రోజు పొద్దున చూస్తే దాని అంచు కుచ్చులు ఒక పక్క జానెడు మేర లేవు. మరుసటి వారం దర్వాజ చెక్క మీద పంటి గాట్లు పడ్డాయి. ఆ తర్వాత ఫోను ఛార్జరు వైరు రెండు ముక్కలయింది.

"గీ కుందేలు ఇల్లు గుల్ల జేస్తది" అంది కోడలు. దాన్ని చూసినప్పుడల్లా చేతులు చరిచి అదిలించడం మొదలుపెట్టింది. దూది వెనక కాలు టపటపా నేలకు కొట్టి మంచం కిందికి దూరేది. పగలు బయటికి రావడం మానేసి, అందరూ పడుకున్నాక వచ్చి కొరికేది. జంపఖానా అంచుకు వేపనూనె పూస్తే ఇల్లంతా కంపు కొట్టింది. దూది ఆ అంచు వదిలి మంచంకోడు పట్టుకుంది. చివరికి కొడుకు ఇనుప పంజరం తెచ్చి అందులో పెట్టాడు. ఇక రాత్రంతా పంజరం ఊచలు కొరుకుతున్న చప్పుడే. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

"మామా, గిది సూడున్రి. మీ తువ్వాల అంచు గూడ పీకి పెట్టింది" అని ఒకరోజు కోడలు దారాలు ఊడిన తువ్వాల చూపించింది. తాత ఏమీ అనలేదు. తాత వాడనప్పుడు ఆ తువ్వాల మనిషెత్తు మేకుకు వేలాడుతుండేది.

కొన్నాళ్లకు ఒక పొద్దున దూది తిండి ముట్టలేదు. మూలకు ముడుచుకుని కూర్చుంది. పెంటికలు చిన్నవైపోయి, దారానికి గుచ్చిన పూసల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మనవరాలు ఏడుస్తుంటే తాత దాన్ని బుట్టలో పెట్టుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని పశువుల దవాఖానకు బయలుదేరాడు.

డాక్టరమ్మ దాని పొట్ట మెల్లగా తడిమి చూసింది. "సమయానికి తెచ్చారు. కుందేలుకు వాంతి కాదు తాతా. మింగిన దారం ముందుకు పోవాలే తప్ప వెనక్కి రాదు. పేగుల్లో అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. కుందేలు సగం రోజు తినకపోతే రేపు చూద్దామని ఆగకూడదు" అంది. మందు ఇచ్చి, తర్వాత అడిగింది: "కొరుకుతోందని అంటున్నారు. మరి కొరకడానికి దానికేం పెట్టారు?"

"క్యారెట్లు పెడుతున్నం మేడమ్" అంది మనవరాలు.

"క్యారెట్ మిఠాయి లాంటిది తల్లీ, అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు. దీని పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అవి అరగాలంటే పొద్దంతా ఎండుగడ్డి నమలాలి. దాని తిండిలో ముప్పావు వంతుకు పైగా గడ్డే ఉండాలి. ఇంకో సంగతి. మన చేలల్లో ఉరికే చెవులపిల్లి బొరియ తవ్వదు. ఇది ఆ జాతి కాదు. దీని తాతముత్తాతలు స్పెయిన్, పోర్చుగల్ వైపు నేల తవ్వుకుని గుంపులుగా బొరియల్లో బతికినవి. దారికి అడ్డమొచ్చిన వేరును కొరికి పారేయడం వాటి అలవాటు. నీ ఛార్జరు వైరు దానికి వేరులాగే కనిపిస్తుంది. అది నీ మీద కోపంతో చేస్తున్న పని కాదు. దాని ఒంట్లో ఉన్న పని."

దూది ఆ సాయంత్రానికి రెండు గరిక పోచలు కొరికింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

రాత్రి తాత మంచం మీద కూర్చుని ఆలోచిస్తున్నాడు. మనవరాలు పక్కకొచ్చి కూర్చుని ఆయన చేతుల వంక చూసింది. తాత వేళ్లు తువ్వాల అంచులోంచి ఒక్కో దారం లాగుతున్నాయి. లాగిన దారాన్ని మెలిపెట్టి ముడి వేస్తున్నాయి, మళ్లీ విప్పుతున్నాయి. ఆయనకు ఆ సంగతే తెలియదు.

"తాతా! తువ్వాల పీకుతున్నది నువ్వా?"

తాత ఉలిక్కిపడి తన చేతులను తానే చూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కోడలిని పిలిచాడు.

"బిడ్డా, తువ్వాల దూది పని గాదు, నాది. అరవై ఏండ్లు దారం వట్టిన చేతులివి. మగ్గం మీద దుప్పటి గప్పిన్రు గని, చేతుల మీద ఏం గప్పుతరు? పని లేకపోతే అవి తువ్వాలను వట్టుకున్నయి. దాని పండ్లకు పని లేకపోతే జంపఖానను వట్టుకున్నయి. నన్ను పంజరంల వెడితే నేను గూడ ఊచలు కొరుకుదును."

కోడలు కళ్లు తుడుచుకుంది.

మరునాడు తాత పొద్దున్నే లేచి, తెలిసిన రైతు దగ్గరికి పోయి మందు కొట్టని చేలోంచి మోపెడు గడ్డి తెచ్చి ఆరబోశాడు. వరిగడ్డి పోచలు కలిపి జడల్లా అల్లి, ఆ జడలను చుట్టి చిన్న చాప చేశాడు. అరవై ఏళ్లు నేశాక చేసిన మొట్టమొదటి కొరకదగ్గ జంపఖానా అది! దూది దాని మీద కూర్చుని దాన్నే తినేది. ఒకటి అయిపోయే లోపు తాత ఇంకొకటి అల్లేవాడు. మనవరాలు అట్టపెట్టెకు టేపు, పిన్నులు తీసేసి, చింపిన కాగితాలు నింపి మూలకు పెట్టింది. జంపఖానా గీకే కాళ్లకు అది తవ్వుకునే చోటయింది. కొడుకు వైర్లన్నీ గట్టి ప్లాస్టిక్ గొట్టాల్లో దూర్చి గోడకు ఎత్తుగా బిగించాడు. కోడలు జంపఖానా అంచును లోపలికి మడిచి, ఎక్కువగా గీకే మూల మీద పీట పెట్టింది. పంజరం తలుపు తెరిచి, దూది చురుగ్గా ఉండే తెల్లవారుజామునా పొద్దుగూకే వేళా దాన్ని ఇల్లంతా తిరగనిచ్చారు.

అలవాటు ఒక్కనాటితో పోలేదు. మొదటి వారంలో రెండుసార్లు దూది మళ్లీ దర్వాజ దగ్గరికి పోయింది. ఈసారి ఎవరూ చేతులు చరచలేదు. గడ్డి చాప తెచ్చి దాని ముందు పెట్టారు, అంతే. నెల తిరిగేసరికి దర్వాజ మీద కొత్త గాటు పడలేదు. వైర్లను మాత్రం గొట్టాల్లోంచి తీయలేదు. ప్రేమ ఎంత ఉన్నా జాగ్రత్త మానకూడదని తాత చెప్పాడు.

కోడలు మగ్గం మీది దుప్పటి తీసి మడతపెట్టింది. నేయడానికి కళ్లు సహకరించకపోయినా, పక్కింటి నేతగాడికి కండెలు చుట్టిపెట్టే పని తాత ఒప్పుకున్నాడు. సాయంత్రాల్లో ఆయన రాట్నం తిప్పుతుంటే దూది పక్కనే కూర్చుని గడ్డి నమిలేది. జంపఖానాకు పోయిన కుచ్చుల చోట తాత కొత్త దారాలు ముడివేశాడు. తువ్వాల అంచు మళ్లీ ఊడలేదు.

నీతి: ప్రాణి ఏదైనా సరే, దానితో పుట్టిన పనిని తిట్టి ఆపలేం, బంధించి ఆపలేం. ఒక చోట మూస్తే అది ఇంకో చోట బయటపడుతుంది. "అది చెయ్యొద్దు" అనే ముందు "మరి ఏం చెయ్యాలి?" అనే ప్రశ్నకు మన దగ్గర జవాబుండాలి. కుందేలుకు గడ్డి, పిల్లలకు ఆట, పెద్దలకు చేతనైన పని చూపించాలి. పాడవకూడని వస్తువును దాచుకోవడం మన బాధ్యత, కొరకదగిన దాన్ని అందించడమూ మన బాధ్యతే. మన ఇంట్లో ఎవరైనా అంచులు పీకుతూ కనిపిస్తే, పోయిన దారాలు లెక్కపెట్టే ముందు వారి చేతులు ఎంతకాలంగా ఖాళీగా ఉన్నాయో చూడాలి.