ముప్పై దాటిన నిరీక్షణ

చాట ఒడిలో పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టే జగిత్యాల, కోరుట్ల స్త్రీలకూ, మరమగ్గాలకు కండెలు చుట్టే సిరిసిల్ల స్త్రీలకూ ముప్పై దాటేసరికి బరువు పెరిగితే అది సోమరితనం కాదు, కూర్చున్నచోటే సాగే బతుకుతెరువు ఫలితం. కొవ్వు అధికమైనప్పుడు ఇన్సులిన్ పనితీరు మందగించి, అండాశయం నుండి అండం విడుదల కావడం, అనగా అండోత్సర్గం, క్రమం తప్పవచ్చు. ఉన్న బరువులో 5 నుండి 10 శాతం తగ్గినా పలువురిలో అది తిరిగి గాడిన పడుతుంది.

35 ఏళ్లు నిండినవారు ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకుంటే వైద్యుని సంప్రదించాలంటారు గాని, భర్త గల్ఫ్ నుండి ఏళ్లకొకసారి సెలవుపై వచ్చే ఇంట ఆ లెక్క ఎట్లా కుదురుతుంది? అటువంటి స్త్రీ సెలవుకు ముందే పరీక్షలు, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మొదలుపెట్టడం, భర్త రాగానే వీర్యపరీక్ష చేయించుకోవడం అత్యవసరం. సంతానలేమిలో దాదాపు సగం సందర్భాల్లో పురుషుని కారణమూ ఉంటున్నా, గొడ్రాలన్న మాట మాత్రం ఆమె ఒక్కతే మోస్తున్నది.