చూసింది, తీసుకున్నది

ఊరెళ్లినా బజారుకెళ్లినా నచ్చినదల్లా ఫోటో తీసుకోవడం నాకలవాటు. బట్టల డిజైనర్‌ని మరి. ఓసారి పోచంపల్లిలో ఒక కొట్టులో చీర కొంగు ఫోటో తీశాను. ఆర్నెల్లకి అది ప్రింటు చీరల మీదికెక్కింది, నా డిజైన్‌గా. డబ్బులూ నాకే వచ్చాయి.

ఇకత్‌లో నేతకి ముందే నూలుని ముడులు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం మీద దారాలు వెంట్రుకవాసి జరుగుతాయి కాబట్టి పువ్వు అంచు కాస్త చెదిరినట్టుంటుంది. ఆ చెదురుని కూడా కంప్యూటర్లో శ్రద్ధగా గీశాను. ఇప్పుడదే ఎక్కువ గుచ్చుతోంది.

చూడ్డం తప్పా అని సర్దిచెప్పుకున్నాను. 1999లో చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రానికి దారి కనుక్కున్నది కూడా హైదరాబాదులో మరేదో యంత్రం కదలిక చూసే కదా! నిజమే. అయితే ఆయన, చీర చీరకీ వేలసార్లు చెయ్యాడించే తల్లి భుజం నొప్పి చూడలేక వెతికారు. నేను వెతికింది నా గడువులోపు ఇవ్వాల్సిన బొమ్మ.

మొన్న మళ్లీ అదే కొట్టుకెళ్లాను. చేతిలో ఫోన్ చూసి, "తీస్కోండ్రి మేడం, ఫోటోకేముంది" అన్నాడాయన. చెప్పేద్దామనుకున్నాను. చీర ధర అడిగాను.