బాగుచేయడమా? దాచేయడమా?



హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూసినవారికి అక్కడ ఉంచిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారు గుర్తుండే ఉంటుంది. నిజాం ప్రభువుల కోసం ఇంగ్లండులో తయారైన 1912 నాటి కారు అది. దాన్ని చూసినవారిలో చాలామంది "అబ్బ, కొత్తదానిలా ఉందే!" అంటారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడు మనకు ఒక ప్రశ్న కలగాలి. నూరేళ్ళు దాటిన వస్తువు కొత్తదానిలా కనిపించడమే దాని గొప్పతనమా? పాతదిగా ఉంటూనే ఆరోగ్యంగా ఉంటే చాలదా? పాతదాన్ని బాగుచేసేవాడు ఆ వస్తువుకు ఏమి బాకీపడి ఉంటాడు? రేపు దాన్ని చూడబోయేవాడికి ఏమి బాకీపడి ఉంటాడు?

ఇది పెద్ద ప్రశ్న. పెద్ద ప్రశ్నను చిన్న చోట పరీక్షించి చూడడం మంచి పద్ధతి. అందుచేత కారంతటినీ వదిలేసి, డ్రైవరు ముందుండే డాష్‌బోర్డును మాత్రమే తీసుకుందాం.

ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో 1959 నుంచి 1967 వరకు జాగ్వార్ కంపెనీ మార్క్ 2 అనే కారును తయారుచేసింది. దాని డాష్‌బోర్డులో నడుమ నల్లని రెక్సిన్ అంటించిన పలక ఉంటుంది. అందులో మీటర్లు, వాటి కింద వరుసగా స్విచ్చిలు. ఆ పలకకు రెండు పక్కలా అక్రోటు చెక్క. నిజానికి అది గట్టి అక్రోటు దిమ్మ కాదు. మామూలు చెక్కమీద అంటించిన పలుచని అక్రోటు పొర. మన వడ్రంగులు దీన్నే వెనీర్ అంటారు. దాని మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ పొర మీద మెరిసే వార్నిష్. అరవై ఏళ్ళ ఎండకు ఆ వార్నిష్ పగుళ్ళిస్తుంది, పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. అద్దం సందుల్లోంచి నీరు దిగినచోట వెనీర్ ఉబ్బి లేస్తుంది. అప్పుడు దాన్ని విప్పి బాగుచేయక తప్పదు.

విప్పడం తేలిక, బిగించడం కష్టం అని మనం అనుకుంటాం. ఈ పనిలో ఆరితేరినవారిని అడిగితే మరోలా చెబుతారు. ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. నడుమ పలకకు పైన రెండు మరలుంటాయి. అవి విప్పగానే పలక అడుగున ఉన్న కీలు మీద ముందుకు వాలుతుంది. దాని వెనుక తీగల అడవి కనిపిస్తుంది. ప్రతి తీగకూ ఒక చీటీ కట్టి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో రాసుకుని, ఫొటో తీసుకున్నాకే తరువాతి తీగను ముట్టుకోవాలి. పక్క చెక్కలు కనిపించని మరలతో బిగించి ఉంటాయి. చెక్క రాకపోతే బలం ఉపయోగించకూడదు. బలం చూపవలసి వచ్చిందంటే, ఎక్కడో ఒక మర ఇంకా మన కంటికి కనపడలేదన్నమాట. ఈ ఒక్క సూత్రం మరిచిపోయినవాళ్ళ చేతుల్లో, అరవై ఏళ్ళు నిలిచిన చెక్క అర నిమిషంలో చీలిపోతుంది.

ఇక పాత వార్నిష్ తీయడం. తొందరపడేవాడు ఉప్పుకాగితం అందుకుంటాడు. పొర పలుచనిది కదా, అంచుల దగ్గర నాలుగు రుద్దులు ఎక్కువైతే అక్రోటు పోయి కింది తెల్లచెక్క బయటపడుతుంది. పోయిన పొర తిరిగి రాదు. తెలిసినవాడు మందు పూసి, వార్నిష్ మెత్తబడేవరకు ఆగి, మెల్లగా గీకుతాడు. ఉబ్బిన చోట జిగురు ఎక్కించి, బరువు పెట్టి, రోజుల తరబడి ఆరనిస్తాడు. ఇక్కడ కొందరు నిపుణులు పశువుల చర్మం ఉడికించి తీసే సరేసునే కోరుకుంటారు. కొత్త జిగుర్లు దానికంటే గట్టివి. అయినా సరేసే ఎందుకు? వేడి, తేమ తగిలితే సరేసు మళ్ళీ కరుగుతుంది. రేపు ఇంకొకడు ఇంతకంటే బాగా చేయగలిగితే, ఈ పనిని చెడగొట్టకుండా విప్పుకోగలుగుతాడు. తన పనే చివరిమాట కానక్కరలేదని ఒప్పుకునే వినయం ఆ జిగురులో ఉంది.

పొర ఊడి పోయిన చోట అతుకు వేయాలి. చతురస్రంగా కోసిన అతుకు దూరం నుంచే తెలిసిపోతుంది. అందుకని చెక్క గీతల వెంబడి వంకరగా కోస్తారు. ఆ గీతల సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. డాష్‌బోర్డులకు ఎక్కువ విలువైనదిగా ఎంచేది అక్రోటు చెట్టు బుడిపెనుంచి తీసిన పొర. చెట్టుకు గాయమో తెగులో తగిలినప్పుడు అక్కడ మొగ్గలు గుంపులుగా పుట్టి, ఎటూ ఎదగలేక లోలోపలే చుట్టుకుపోయి బుడిపె కడతాయి. దాన్ని పలుచగా కోస్తే సుడులు, కళ్ళు, మబ్బుల వంటి ఆకారాలు కనబడతాయి. మనం అందమని మురిసిపోయేది ఆ చెట్టు పడ్డ బాధ మిగిల్చిన గుర్తే. అటువంటి చెక్కమీద మనిషి చేతి గీత ఒకటి పడితే మాత్రం సహించలేకపోతాం!

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. సగం పొర మార్చి, వార్నిష్ అంతా మార్చి, తీగలూ మార్చాక అది అదే డాష్‌బోర్డా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఏథెన్సు ప్రజలు వీరుడు థేసియస్ ఓడను తరతరాలు కాపాడుతూ, పుచ్చిన పలక తీసి కొత్త పలక వేస్తూ పోయారనీ, చివరికి అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు వాదించుకున్నారనీ ప్లూటార్కు రాశాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ దానికి మరో ముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవడో పోగుచేసి ఇంకొక ఓడ కడితే, రెండింటిలో ఏది అసలుది? మన దేశంలో అంతకు చాలాముందే మిలిందుడనే రాజుతో నాగసేనుడనే బౌద్ధ భిక్షువు రథాన్ని చూపి ఇటువంటి మాటే మాట్లాడాడు. ఇరుసు రథమా? చక్రం రథమా? కాడి రథమా? ఏ ఒక్కటీ కాకపోతే రథమనేది ఎక్కడుంది?

అరిస్టాటిల్ సంప్రదాయంలో వస్తువుకు పదార్థం, రూపం అని రెండు చెబుతారు. పదార్థం కొంచెం కొంచెంగా మారినా రూపం నిలిస్తే వస్తువు నిలిచినట్టే. మన శరీరమూ అంతే. ఇరవై ఏళ్ళ క్రితం ఉన్న చర్మం ఇప్పుడు లేదు. అయినా అప్పుడు చేసిన అప్పు ఇప్పటికీ మనదే, అప్పుడిచ్చిన మాట ఇప్పటికీ మనల్ని కట్టిపడేస్తుంది. మనిషి తన గతానికి తానే జవాబు చెప్పుకుంటాడు. నోరున్నవాడు కనుక చెప్పుకోగలడు.

వస్తువుకు నోరు లేదు. డాష్‌బోర్డు వెనుక ఏముందో చూసినవాడు, దాన్ని విప్పినవాడొక్కడే. ఏ పొర పాతది, ఏది కొత్తది, ఎక్కడ చెక్క పుచ్చింది, ఎక్కడ తీగ కాలింది అన్నది అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పలక తిరిగి బిగించాక ఇక ఎవరూ చూడలేరు. కాబట్టి బాగుచేసేవాడు పనివాడు మాత్రమే కాదు, సాక్షి కూడా. నోరులేని వస్తువు తరఫున నిజం చెప్పవలసిన ఏకైక సాక్షి. "అది అదే వస్తువా" అని తత్వవేత్తలు వాదించుకుంటే వాదించుకోనివ్వండి. "చేసింది చెప్పావా" అన్న ప్రశ్న మాత్రం తప్పించుకోవడానికి వీల్లేనిది.

ప్రాచీన కట్టడాల విషయంలో 1964లో వెనిస్ నగరంలో సమావేశమైన నిపుణులు ఇదే దారిలో నియమాలు పెట్టారు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నారు. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో ఒదిగిపోవాలి గాని, పరిశీలించి చూసేవాడికి వేరని తెలియాలన్నారు. ఆ స్ఫూర్తితోనే 2012లో అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య టూరిన్ పట్టణం పేరుతో ఒక నియమావళి చేసుకుంది. చేసిన పని రాసిపెట్టాలన్నది అందులో ముఖ్యమైన మాట. మన దేశంలోనూ 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో నిలిచి, ఛాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని వాహనాలనే వింటేజ్ వాహనాలుగా నమోదు చేస్తారు. వస్తువు పట్ల నిజాయితీ ఇప్పుడు చట్టానికి కూడా సంబంధించిన సంగతే.

ఈ నిజాయితీకి గట్టి పరీక్ష మీటరు దగ్గర వస్తుంది. డాష్‌బోర్డు విప్పినప్పుడు స్పీడు మీటరు చేతికి వస్తుంది. కారు ఎంత దూరం తిరిగిందో చెప్పే అంకెలు అందులోనే ఉంటాయి. చాలా పాత కార్లలో ఆ అంకెలు ఐదే. లక్ష నిండగానే మళ్ళీ సున్నాలు వస్తాయి. కాబట్టి అంకె తక్కువగా కనిపించినంత మాత్రాన కారు తక్కువ తిరిగినట్టు కాదు. ఇక చేతిలో ఉన్న మీటరును కాస్త వెనక్కి తిప్పితే అడిగేవాడెవడు? అదిగో, ఆ క్షణంలో చెక్కమీద చేసిన నెలరోజుల పని అంతా దేనికోసమో తేలిపోతుంది. అంకె తిప్పినవాడి చేతిలో ఆ మెరుపు వస్తువును గౌరవించేది కాదు, కొనేవాడి కళ్ళు కప్పేది.

"నా కారు, నా డబ్బు, నా ఇష్టం. చెక్కపొర బదులు చెక్కరంగు ప్లాస్టిక్ అంటిస్తాను, తప్పా?" అని ఎవరైనా అడగవచ్చు. తప్పు లేదు. ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్ అని చెప్పినంతవరకు అది పేదవాడి సర్దుబాటు. అక్రోటు అని చెప్పి అమ్మితే అది మోసం. మరొకరు ఇంకా సూటిగా అడగవచ్చు: "అన్నం లేనివాళ్ళున్న లోకంలో చెక్కముక్కకు ఇంత సేవా?" ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. ఇంట్లో ఫీజు కట్టవలసిన పిల్లలు, మందులు కావలసిన పెద్దలు ఉండగా డాష్‌బోర్డుకు డబ్బు పోసేవాడికి చెక్కమీద ప్రేమ ఉండవచ్చు గాని, వివేకం లేదు. ఆ బాధ్యతలు తీరాక మాత్రం, ఉన్నదాన్ని ఓపికగా కాపాడుకోవడం, ఏడాదికొకటి కొని పారేయడం కంటే మేలైన అలవాటే.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి 1972లో కొన్న అంబాసిడర్ ఇంట్లో ఉంది. ఉత్తరపారాలో దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. తండ్రి పోయాడు. డాష్‌బోర్డు మీద ఆయన ఉంగరం ఏళ్ళ తరబడి రాసుకుని పడిన గీత ఉంది. దాని పక్కనే తుప్పు. అన్న "అంతా గీకించి రంగు వేయిద్దాం, ధర వస్తుంది" అంటాడు. చెల్లెలు "నాన్న చెయ్యి పడిన చోటు అన్నయ్యా, ఏదీ ముట్టుకోవద్దు" అంటుంది. ఎవరిది న్యాయం?

మచ్చ వేరు, తెగులు వేరు. మచ్చ జరిగినదాన్ని చెబుతుంది, ఇక ఎవరికీ హాని చేయదు. తెగులు ఇంకా తింటూనే ఉంటుంది. జ్ఞాపకం పేరుతో తుప్పును ఉంచితే, రేపు ఆ గీత ఉన్న రేకు కూడా మిగలదు. బాగుచేయడం పేరుతో గీతను చెరిపేస్తే, ఆ కారు ఎవరిదైనా కావచ్చు, వాళ్ళ నాన్నది మాత్రం కాదు. తుప్పు తీయించాలి, గీత ఉండనివ్వాలి. అమ్మదలిస్తే రెండూ చెప్పి అమ్మాలి. అన్నాచెల్లెళ్ళిద్దరి మాటలోనూ సగం సగం న్యాయం ఉంది.

ఇది కార్లున్నవారి గొడవ అనుకోకండి. విడిపోయి మళ్ళీ కలిసిన అన్నదమ్ములు, అప్పు తీర్చి మళ్ళీ నిలదొక్కుకున్న ఇల్లు, మాట తప్పి మళ్ళీ మాట కలిపిన స్నేహితులు మీ వీధిలోనే ఉన్నారు. వాళ్ళలో కొందరు ఏమీ జరగనట్టు పైన మెరుగు పూసుకుంటారు. కింద తేమ అలాగే ఉంటుంది కనుక, మరో వానకు పొర లేస్తుంది. ఇంకొందరు పాత గాయాన్ని రోజూ గీకుతూ పొరంతా పోగొట్టుకుంటారు. కష్టమైనా మూడో దారి ఒకటుంది. రానిదాన్ని బలవంతంగా లాగకుండా, కనపడని మర ఎక్కడుందో వెతకాలి. తెగులున్నంత మేరకే తీయాలి. అతుకు వేస్తే, అడిగినవారికి ఇది అతుకు అని చెప్పగలగాలి.

ఈ వారం మీ ఇంట్లో బాగుచేయవలసిన పాత వస్తువు ఏదైనా ఉంటే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని విప్పండి. ప్రతి మరనూ ఎక్కడిదో గుర్తుపెట్టి వాళ్ళ చేతికివ్వండి. చేసిన పనిని ఒక కాగితం మీద తేదీ వేసి రాసి, ఆ వస్తువు లోపలే పెట్టి మూయండి. ముప్పై ఏళ్ళ తరువాత దాన్ని తెరిచే మనిషి మీకెవరో తెలియదు. అతనికి నిజం చెప్పిన పుణ్యం మీకు దక్కుతుంది.