వాద్యసంగీతం, నైతిక బాధ్యత

కవి అబద్ధమాడితే నిలదీస్తాం. కథకుడు దోపిడీదారును దేవుణ్ణి చేస్తే విమర్శకుడు ఊరుకోడు. కాని పాతిక ఫిడేళ్ళూ, పది బాకాలూ కలిసి మోగినప్పుడు అందులో మాట అంటూ లేదు గదా, నిజమేమిటి, అబద్ధమేమిటి అని అడిగేవారున్నారు. సంగీతం శుద్ధమైన రూపమనీ, దానికి వస్తువు లేదనీ, కనుక మంచిచెడ్డలు దానికి అంటవనీ వీరి వాదన. మన సంగీత సభల్లో కూడా ఈ మాట తరచు వినబడుతుంది. దీన్ని ఒక ఉదాహరణ మీద పెట్టి చూడటం మంచిది.

డేవిడ్ లీన్ తీసిన "లారెన్స్ ఆఫ్ అరేబియా" 1962లో విడుదలైంది. సంగీతం ఫ్రెంచివాడైన మారిస్ జార్‌ది. ఆయనకు దొరికిన వ్యవధి ఆరు వారాలే. వాయించినది లండన్ ఫిల్హార్మోనిక్ బృందం. దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది, అది తగిన బహుమతే. బొమ్మ మొదలు కాకముందు, తెర మీద ఏమీ లేకుండా, దాదాపు నాలుగు నిమిషాలపాటు వాద్యబృందం ఒక్కటే మోగుతుంది. ప్రేక్షకుడు ఎడారిని చూడకముందే ఎడారిని గురించి ఒక అభిప్రాయానికి వచ్చేస్తాడు. అదే అభిప్రాయాన్ని ఎవరైనా మాటల్లో చెప్పి ఉంటే వాదించి ఉండేవాడు.

ఆ అభిప్రాయం దేనితో తయారవుతుంది? మాయామాళవగౌళలో సరళీస్వరాలు నేర్చిన మన పిల్లలకు శుద్ధరిషభానికీ అంతరగాంధారానికీ మధ్యనున్న ఎడం తెలుసు. మనకది ఇంట్లో మొదటి పాఠం. పాశ్చాత్య స్వరకర్తకు మాత్రం అది "తూర్పు" అనే గుర్తు. ఒంటె కనిపిస్తే చాలు, ఆ ఎడం వినిపిస్తుంది. అరబ్బుల హిజాజ్‌లో అది నిజంగానే ఉన్నది. కాని వారి రాస్త్, బయాతీలలో పియానో మీద రెండు మెట్ల నడుమ పడే స్వరాలున్నాయి. లండన్ వాద్యబృందం శ్రుతిలో వాటికి చోటు లేదు. అందుచేత తన వాద్యాల మీద పలికేదాన్నే ఏరుకుని, దాన్నే అరబ్బు సంగీతమన్నది పడమర. ఇదే చిత్రంలో బ్రిటిష్ సైన్యం వచ్చేసరికి సంగతి వేరు. దానికి ఆల్ఫర్డ్ అనే బ్యాండు మాస్టరు ఆ యుద్ధకాలంలోనే, 1917లో, కట్టిన అసలు కవాతు పాటను వాడారు. ఒక పక్షానికి దస్తావేజు, రెండో పక్షానికి ఊహ!

ఇది ఒక్క హాలీవుడ్ దోషమూ కాదు, ఒక్క బ్రిటిష్ బుద్ధీ కాదు. బోరొదీన్ 1880లో మధ్య ఆసియా మైదానాలను గురించి ఒక వాద్యరచన చేశాడు. రెండవ అలెగ్జాండర్ జారు గద్దెనెక్కి పాతికేళ్ళయిన సందర్భం అది. రష్యన్ సైనికుల కాపలాలో ఒంటెల బిడారు సాగిపోతుంది. రష్యన్ పాటా, తూర్పు పాటా చివరకు ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి. వినడానికి ఎంత హాయి! కాని ఆ రెండు పాటలూ కలిసిన చోట తుపాకి ఎవరి చేతిలో ఉన్నదో స్వరాలు చెప్పవు. ఆ చెప్పకపోవడంలోనే వస్తువు ఉన్నది.

మళ్ళీ లారెన్స్ దగ్గరికి వద్దాం. అతను అగ్గిపుల్ల ఊదేస్తాడు. వెంటనే తెర నిండా ఎడారి, సూర్యోదయం, దానితో లేచే సంగీతం. చూసినవారు మరిచిపోలేరు. ఆ వైభవం ఎవరిది? ఇసుకది కాదు. ఇసుకను మొదటిసారి చూస్తున్న పరాయివాడి కంటిది. ఎడారి ఖాళీగా, ఎవరి సొత్తూ కానట్టుగా ఉన్నదని ఆ తంత్రులు మనకు నచ్చజెపుతాయి. వెంటనే వచ్చే బావి ఘట్టం దీన్ని కాదంటుంది. ఎండమావిలోనుంచి చుక్కలా మొదలై పెరుగుతూ వచ్చిన అలీ, తన తెగ బావిలో నీళ్ళు తాగాడని దారిచూపేవాణ్ణి కాల్చేస్తాడు. ప్రతి బావికీ యజమాని ఉన్నాడని, ఎడారి ఖాళీ కాదని అప్పుడు తెలుస్తుంది. ఆ ఘట్టంలో సంగీతం లేదు. నా మటుకు చిత్రమంతటిలో నిజాయితీగల చోటు అదే.

లీన్ మరీ అమాయకుడేం కాదు. ఎడారిలో వెనకబడిపోయిన గాసిమ్‌ను లారెన్స్ ప్రాణాలకు తెగించి తెచ్చినప్పుడు వాద్యబృందం ఉప్పొంగుతుంది. ఆ గాసిమ్‌నే తరువాత అతను చేతులారా చంపవలసివస్తుంది. ముగింపులో వీరుడు నీరసపడి మోటారులో కూచుని వెళ్ళిపోతాడు. అంటే కథ తన వీరుణ్ణి తానే విమర్శించుకుంటుంది. కాని కచేరీల్లోనూ, రికార్డుల మీదా బతికినది మూలబాణీ ఒక్కటే. విమర్శ సినిమాహాల్లో ఉండిపోయింది. బ్రిటనూ, ఫ్రాన్సూ 1916లోనే అరబ్బుల దేశాన్ని రహస్యంగా పంచుకున్నాయి. 1917 నవంబరులో బోల్షివిక్కులు ఆ పత్రాన్ని బయటపెట్టారు. 1920 జులైలో ఫ్రెంచి సైన్యం ఫైజల్‌ను డమాస్కస్ నుంచి తరిమింది. ఆ బాణీని ఈలవేసే మనిషికి ఇవేవీ గుర్తుకు రానక్కరలేదు. అది అతనికి స్వాతంత్ర్యపోరాటం లాగే వినిపిస్తుంది.

అయితే ఇక వినడం మానెయ్యాలా? అటువంటి శుష్కనీతి నాకు రుచించదు. అందులోని ఆనందం దొంగసొమ్ము కాదు, అది పనితనానికి పుట్టినది. జార్ ఆరు వారాల్లో రాత్రింబవళ్ళు చేసిన శ్రమ దొంగది కాదు. కాని బాధ్యత ఆయన కలం దగ్గర మొదలు కాలేదు. నిర్మాత శామ్ స్పీగల్ మొదట వేసుకున్న పథకం గురించి జారే చెప్పాడు: అరబ్బు సంగీతానికి సోవియట్ అర్మేనియన్ ఖచతూరియన్, ఇంగ్లీషు సంగీతానికి బ్రిటన్, తక్కినదానికి తాను, అది కుదరక అమెరికన్ రిచర్డ్ రాడ్జర్స్. ఇంగ్లీషు సంగీతానికి ఇంగ్లీషువాణ్ణే తలుచుకున్నారు. ఈ జాబితాలో అరబ్బు పేరు ఒక్కటీ లేదు. ఆ నాటికి కైరోలో అబ్దుల్ వహాబ్ ఉన్నాడు, ఉమ్ కుల్సూమ్ పాడుతున్నది. పెద్ద వాద్యబృందాలతో సినిమా పాటలు కట్టి మూడు దశాబ్దాలుగా అలవాటుపడిన ఊరది. 1932లో అరబ్బు సంగీత మహాసభ జరిగినదీ అక్కడే, దానికి బార్తోక్ వంటివారు కూడా వెళ్ళారు. అన్నట్టు, ఈ చిత్రంలో కైరో సైనిక కార్యాలయమని చూపించిన భవనం స్పెయిన్‌లో, సెవిల్ నగరంలో ఉన్నది.