వాడే సంచీ తెచ్చాడు

మా నాన్నను పోలీసులు తీసుకెళ్ళింది ఒక్క రాత్రే. అప్పుడు నేను అయిదో తరగతి. నెమలిలో ఒక ఆసామి మామిడి తోటలో మోటారు తీగ పోయింది. ఆ తోటకు నీళ్ళు కట్టేది మా నాన్న, రాత్రి కాపలా ఉండేది ఇంకొకాయన. కాపలా ఆయన్ని ఎవరూ అడగలా. తెల్లారాక నాన్న కాలు ఈడ్చుకుంటూ వచ్చి మంచం మీద పడ్డాడు. పదిరోజులకు ఆ తీగ పాత ఇనుప కొట్లో దొరికింది. అమ్మినవాడు ఆసామికి దగ్గర చుట్టం. పిల్లాడు తెలియక చేశాడన్నారు, సర్దుకున్నారు. మా నాన్నతో ‘పొరపాటైందిరా’ అన్న మనిషి లేడు. ఆ మాటకొస్తే ఆయన ఎదురు చూడనూ లేదు.

దెబ్బలు మానినై. అలవాటొకటి మిగిలింది. ఊళ్ళో ఏ వస్తువు పోయినా కబురు రాకముందే తనే వెళ్ళి ఆసామి అరుగు కింద కూర్చునేవాడు. ‘చెయ్యని పనికి నువ్వెందుకు పోవాలయ్యా?’ అని అమ్మ తిట్టేది. ‘పిలిస్తే పోతే ఒక రకంగా ఉంటది, మనమే పోతే ఇంకో రకంగా ఉంటదే’ అనేవాడు. వేణుగోపాలస్వామి తిరునాళ్ళలో ఎవరిదో పర్సు పోయిందని మైకులో చెబితే చాలు, మమ్మల్ని రెక్కపట్టుకుని ఇంటికి లాక్కొచ్చేవాడు. జీళ్ళు కొననిచ్చేవాడు కాదు. పిరికివాడనుకునేవాణ్ణి.

2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు. నేనప్పుడు బెజవాడలో ఎస్సీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. నెలల తరబడి పోలీసులకు ఎవరూ దొరకలేదు. పేపర్లు రోజూ తిడుతున్నై. 2008 ఆగస్టులో నందిగామ దగ్గర అనాసాగరం దళిత కుర్రాణ్ణి, సత్యంబాబును పట్టుకొచ్చి ‘వీడే’ అన్నారు. ఆ రోజు నాన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి ‘చీకటి పడ్డాక హాస్టలు దాటి పోమాకు’ అన్నాడు. సత్యంబాబుది నా ఈడే. ఆ ముక్క నాన్నకు నాకంటే ముందు అర్థమైంది.

2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. చనిపోయిన అమ్మాయి తల్లి మాత్రం మొదటినుంచీ ‘ఇతను కాదు’ అంటూనే ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మాటకే విలువ లేకపోతే, కూలి చేసుకునే సత్యంబాబు తల్లి మాట ఎవరు వింటారు? 2017 మార్చి 31న హైకోర్టు కేసు కొట్టేసి అతన్ని విడుదల చేయమంది, ఖర్చుల కింద లక్ష రూపాయలిమ్మంది. ఎనిమిదేళ్ళు దాటిన జైలుకు లక్ష. 2018లో మళ్ళీ దర్యాప్తు చెయ్యమని కేసును సీబీఐకి అప్పగించారు. అంటే ఆ తొందర ఆ తల్లికీ న్యాయం చెయ్యలేదు, ఈ తల్లికీ చెయ్యలేదు.

ఇదంతా తెలిసీ నేను ఒక పని చేశాను. 2019 డిసెంబరు 6. మా వాడలో అంబేడ్కర్ విగ్రహానికి దండ వేసి బడికి పోయాను. స్టాఫ్ రూములో స్వీట్లు పంచుతున్నారు. దిశ కేసు నిందితులు నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చేశారట. అక్కడ పోలీసుల మీద జనం పూలు చల్లారు. నేనూ స్వీటు తీసుకుని తిన్నాను. ‘ఇట్లా ఉండాలి సార్’ అన్న మాటకు తల కూడా ఊపాను. రాజ్యాంగం రాసినాయన వర్ధంతి నాడు, కోర్టు ముఖం చూడని నలుగురి చావుకు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు 2022లో బయటికొచ్చింది. పోలీసులు చంపాలనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ అందులో ఉంది. మైనర్లంటే నా దగ్గర పదో తరగతి చదివే వయసుకు కాస్త అటూ ఇటూ. ఎన్‌కౌంటరయిన వారానికే మన అసెంబ్లీ ఇరవై ఒక్క పనిదినాల్లో తీర్పు, ఉరిశిక్ష అని దిశ బిల్లు పాస్ చేసింది. అది అమల్లోకి రానేలేదు.

మిత్రులు కొందరు అడుగుతారు: మరి ఆడపిల్లల తల్లులు ఎన్నేళ్ళు ఎదురుచూడాలి? చుండూరును మర్చిపోయావా? మర్చిపోలేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపితే 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మనమూ ఉరి అడిగినవాళ్ళమే, ఆ కోపం నాకూ ఉంది. కానీ ఒక్కటి చూడండి. తొందరపడమని మనం అడిగినప్పుడు పదహారేళ్ళు పట్టింది. పోలీసులు తొందరపడినప్పుడు అనాసాగరం వచ్చారు. దేశంలో విచారణ ఖైదీలు అయిదుగురిలో ఒకరు ఎస్సీ. 2011 జనాభా లెక్కల్లో మనం 16.6 శాతం. తుపాకీకి వదిలేస్తే ఈ లెక్క ఇంకెట్లా పెరుగుతుందో నాకంటే మీకే తెలుసు.

తప్పు చేయనివాడి గురించి రాయడం తేలిక. 1993లో చిలకలూరిపేట దగ్గర దోపిడీకి బస్సెక్కి తగలబెట్టిన ఇద్దరు కుర్రాళ్ళు మనవాళ్ళే. 23 మంది కాలిపోయారు. అది తప్పు కాదని ఎవడనగలడు? అయినా ఉరి వద్దని ఈ రాష్ట్రంలో హక్కుల సంఘాలవాళ్ళూ రచయితలూ తిరిగారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. కాలిపోయినవాళ్ళ ఇళ్ళకు పోయి ఈ మాట చెప్పగలనా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెప్పలేను. అయినా ఉరి వద్దనే అంటాను. ఈ రెండూ నాలో కలవవు, అట్లాగే ఉన్నై.

ఇక బడి సంగతి. 2023 డిసెంబరులో మా క్లాసులో ఒక పిల్ల వెండి పట్టీ పోయింది. ఊళ్ళో పెద్దింటి పిల్ల. ఏడుస్తుంటే నేను క్లాసంతా కలయజూశాను. నా కళ్ళు ఆగింది ఒక్కచోటే, చివరి బెంచీలో ఎరుకల కాలనీ పిల్లాడి మీద. 1871లో తెల్లవాళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం గురించి, దాన్నే ఆ తర్వాత ఎరుకల వాళ్ళ మీద పెట్టడం గురించి, 1952లో దేశమంతటా రద్దు కావడం గురించి నేనే పాఠం చెప్పాను. వాడు నా కళ్ళు చూశాడు. లేచి సంచీ తెచ్చి టేబులు మీద పెట్టాడు. నేను అడగలేదు. వద్దనీ అనలేదు. తెరిచి చూశాను. రెండు పుస్తకాలు, ఒక ఉండేలు, సగం కొరికిన చిక్కీ.

మర్నాడు పట్టీ ఆ పిల్ల ఇంట్లో మాసిన సాక్సులో దొరికింది.

వాణ్ణి వరండాలోకి పిలిచి ‘పొరపాటైందిరా’ అన్నాను. వాడికి అర్థం కాలేదు. ‘నేనే తెచ్చాను గదా సార్’ అన్నాడు.

ఆ తర్వాత క్లాసులో పెన్ను పోయినా వాడు లేస్తాడు. ‘కూర్చోరా, వద్దు’ అంటే సంచీ పట్టుకుని అక్కడే నిలబడతాడు, పెన్ను దొరికేదాకా.